వాకీటాకీ చేతికొస్తే రేడియో వచ్చేసినట్టేనా? స్కౌట్ రేడియో: అపోహలు - వాస్తవాలు

నేను హామ్ ఆపరేటర్‌ని, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపేవాణ్ని. క్యాంపుల్లో స్కౌట్లకు, గైడ్లకు రేడియో పాఠాలు చెబుతుంటాను. పిల్లలకంటే వాళ్లను దింపడానికొచ్చే తల్లిదండ్రుల దగ్గరే అపోహలు ఎక్కువ. తరచూ వినపడేవి ఇవి.

అపోహ: వాట్లు ఎక్కువుంటే దూరం వెళుతుంది

"సార్, ఇది ఎన్ని కిలోమీటర్లు పనిచేస్తుంది?" ప్రతి క్యాంపులో మొదటి ప్రశ్న ఇదే. జవాబు సెట్టులో లేదు, మనం నిలబడ్డ చోటులో ఉంది. మా హామ్ వాకీటాకీలు పనిచేసే 145 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర తరంగాలు దాదాపు నేరుగానే పోతాయి, భూమి వంపు దాటి ఎక్కువ దూరం రావు. అవతలివాళ్ల యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అటువైపు దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఇటువైపు దూరం కూడా అలాగే కట్టి కలపాలి. ఇద్దరూ మైదానంలో నిలబడితే, అంటే యాంటెన్నాలు మీటరున్నర ఎత్తులో ఉంటే, మొత్తం 10 కిలోమీటర్లు. అదీ మధ్యలో ఏ అడ్డూ లేకపోతే. అమీర్‌పేట లాంటి చోట ఒకటి రెండు కిలోమీటర్లు దక్కినా సంతోషమే. అదే ఇద్దరిలో ఒకరు 100 మీటర్ల గుట్ట ఎక్కితే లెక్క దాదాపు 46 కిలోమీటర్లకు చేరుతుంది. సెట్టు మారలేదు, బ్యాటరీ మారలేదు.

మరి పవర్ పెంచితే? 5 వాట్ల నుంచి 20 వాట్లకు పెంచితే అవతలివాళ్ల మీటరు మీద సిగ్నల్ పెరిగేది ఒక్క 'ఎస్' యూనిట్, అంటే ఆ మీటరు మీద ఒక్క గీత. బ్యాటరీ మాత్రం గబగబా ఖాళీ అవుతుంది. ఆ డబ్బేదో యాంటెన్నా మీద పెట్టమంటాను. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 145కి రెండు మీటర్ల పైచిలుకు, అందులో నాలుగో వంతు సుమారు అర మీటరు. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా తీసేసి ఆ పొడవున్నది పెట్టి, నిలువుగా పట్టుకుంటే తేడా చెవికే తెలుస్తుంది. పిల్లలు సెల్‌ఫోన్ అలవాటుతో సెట్టును పక్కకు వాల్చి మాట్లాడతారు, అక్కడే సగం సిగ్నల్ పోతుంది. ఇంకో జాగ్రత్త: యాంటెన్నా లేకుండా మాట్లాడే బటన్ నొక్కకూడదు. పవర్ బయటికి పోయే దారిలేక వెనక్కి తిరిగి, సెట్టు కాలిపోవచ్చు.

14 మెగాహెర్ట్జ్ లాంటి షార్ట్‌వేవ్ బ్యాండ్ల సంగతి వేరు. అక్కడ వాతావరణం పైభాగంలో ఉండే అయనావరణం తరంగాలను వంచి కిందికి పంపుతుంది. పరిస్థితులు కలిసొస్తే కొద్ది వాట్లతోనే వేరే ఖండంతో మాట్లాడొచ్చు.

అపోహ: గట్టిగా మాట్లాడితే బాగా వినపడుతుంది

అరిస్తే మాట బద్దలవుతుంది తప్ప దూరం పోదు. మైకుకు మూడు నాలుగు వేళ్ల దూరంలో, మామూలు గొంతుతో, కాస్త నిదానంగా మాట్లాడాలి. బటన్ నొక్కగానే మొదలుపెట్టకూడదు. ఒక్క సెకను ఆగకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది. "సుధా" కాస్తా "ధా" అవుతుంది.

ఎ, బి, సి అనకుండా ఆల్ఫా, బ్రావో, చార్లీ అనడం ఎందుకని కూడా అడుగుతారు. రేడియో మన గొంతులో సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకే పంపుతుంది. ఎస్, ఎఫ్ శబ్దాల మధ్య తేడా చాలావరకు అంతకంటే పైన ఉంటుంది. దాంతో గురగురలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే ఏలూరు చెప్పాలంటే ఎకో, లిమా, యూనిఫామ్, రోమియో, యూనిఫామ్. మా పిల్లలకు మొదట్లో ఇది నవ్వులాట. రెండు రోజులయ్యేసరికి భోజనాల దగ్గర ఒకరి పేర్లు ఒకరు ఇలాగే పిలుచుకుంటుంటారు.

అపోహ: ముగింపులో "ఓవర్ అండ్ అవుట్" అనాలి

సినిమాల పుణ్యం. ఓవర్ అంటే నా మాట అయింది, మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నా అని. అవుట్ అంటే సంభాషణ ముగిసింది, జవాబు అక్కర్లేదు అని. రెండూ కలిపితే అవతలివాడు మాట్లాడాలా, ఊరుకోవాలా?

అపోహ: మోర్స్ కోడ్ చచ్చిపోయింది

మోర్స్ అంటే పొట్టి, పొడుగు శబ్దాలతో అక్షరాలు పంపే పద్ధతి. షార్ట్‌వేవ్ హామ్‌లకు అది తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధన 2003లో పోయింది, నిజమే. మన దేశంలో హామ్ లైసెన్సుకు తొలి మెట్టైన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్షలో మోర్స్ ఉండదు, పై మెట్టైన జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 మాటల వేగం కావాలి. మాట అర్థంకాని గోలలో కూడా మోర్స్ వినపడుతుంది, అందుకే ఇష్టపడేవాళ్లు దాన్ని వదలరు. ఒక్కటే సలహా: చుక్కలు, గీతల చార్టు గోడకు అంటించొద్దు. 'సి' అంటే డా-డిట్-డా-డిట్ అని చెవితోనే పట్టాలి. కళ్లతో నేర్చినవాళ్లు వేగం పెరగ్గానే తడబడతారు.

అపోహ: సెల్‌ఫోన్లు ఉండగా ఇదెందుకు?

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అండమాన్‌లోనే ఉంది. ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి వెళ్లిన బృందం అది. ఫోన్లు పనిచేయకుండా పోయాక ఆ బృందంలోని భారతి ప్రసాద్, ఆమె సహచరులు పోర్ట్ బ్లెయిర్ నుంచి అవే సెట్లతో క్షేమ సమాచారాలు అందించారు.

అపోహ: ఆన్‌లైన్‌లో కొన్నాం కాబట్టి వాడుకోవచ్చు

ఇది మాత్రం ప్రమాదం. అమ్ముతున్నంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదని కాదు. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, ఆమోదం పొందిన తక్కువ పవర్ సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. 144-146 మెగాహెర్ట్జ్‌లో ప్రసారం చేయాలంటే హామ్ లైసెన్సు ఉండాల్సిందే. పరీక్ష రాయడానికి కనీస వయసు 12 ఏళ్లు. అంటే ఆరో, ఏడో తరగతి స్కౌట్ కూడా రాయొచ్చు.

1958 నుంచి ప్రతి ఏటా స్కౌట్లు రేడియోలో కలుసుకునే 'జాంబోరీ ఆన్ ది ఎయిర్' ఇప్పుడు అక్టోబరు మూడో వారాంతంలో జరుగుతోంది. అప్పుడు కూడా స్టేషన్ నడిపేది లైసెన్సున్న ఆపరేటరే. పిల్లలు మైకు పట్టుకోవచ్చా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది, ముందే కనుక్కోండి.

అపోహ: సెట్టు లేకుండా ఏం నేర్చుకుంటారు?

నా మొదటి రెండు క్లాసుల్లో సెట్టు బయటికే తీయను. ఇద్దర్ని వీపులు ఆనించి కూర్చోబెడతాను. ఒకరి ముందు ఆరు అగ్గిపుల్లలతో ఏదో ఆకారం పేర్చి ఉంటుంది. చూడకుండా, మాటలతోనే రెండోవారి చేత అదే ఆకారం పేర్పించాలి. ఒక్కో మాటకూ ఓవర్ అనాలి, విన్నది తిరిగి అప్పజెప్పాలి, మధ్యలో అడ్డుపడకూడదు. ఎక్కువమంది "దాని పక్కన" దగ్గర ఆగిపోతారు. ఏ పక్క? ఎడమా, కుడా, ఎవరి ఎడమ? అది తేలాకే బటన్ నొక్కడం నేర్పుతాను.