ఫ్రీగా డౌన్‌లోడ్ అయితే ఫ్రీ అయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల లెక్కలు చూడటం నా పని. ధర ఎంత అని అందరూ అడుగుతారు. దేన్ని లెక్కబెట్టి బిల్లు వేస్తారని అడిగేవాళ్లు తక్కువ. కొంప ముంచేది అదే.

అపోహ: జావా ఫ్రీ. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పటి నుంచీ అలాగే వాడుతున్నాం.

వాస్తవం: జావా ప్రోగ్రాములు రాసి నడిపే కిట్ పేరు జేడీకే. అందులో కోడ్ అందరికీ తెరిచి ఉంచిన ఓపెన్‌జేడీకే ఫ్రీయే. ఎంత పెద్ద కంపెనీ అయినా పైసా కట్టక్కర్లేదు. జావా యజమాని కంపెనీ ఒరాకిల్ తన పేరుతో ఇచ్చే జేడీకే సంగతి వేరు. జావా 8 కొత్త అప్‌డేట్లను వ్యాపారానికి వాడుకుంటే డబ్బు కట్టాలని 2019లో పెట్టింది. 2021లో జావా 17ను మళ్లీ ఫ్రీగా ఇచ్చింది, కానీ 2024 సెప్టెంబర్ దాటాక వచ్చిన అప్‌డేట్లకు ఆ వెసులుబాటు లేదు.

అసలు మెలిక 2023 జనవరిలో వచ్చింది. జావా వాడేవాళ్లను కాదు, మొత్తం ఉద్యోగులను లెక్కబెడతారు. పార్ట్‌టైమ్ వాళ్లు, కంపెనీ పనులు చూసే కాంట్రాక్టర్ల మనుషులు కూడా అందులోకే వస్తారు. అప్పుడు ప్రకటించిన ధర, వెయ్యి మంది లోపైతే, మనిషికి నెలకు 15 డాలర్లు. 500 మందిలో జావా ముట్టుకునేది పదిమందే అయినా నెలకు 7,500 డాలర్లు. నా దృష్టిలో ఇది ధర కాదు, తలపన్ను.

అపోహ: ఎవరో ఒక్కరు డౌన్‌లోడ్ చేస్తే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: ఒరాకిల్ సైట్ నుంచి జేడీకే 8 లాంటి పాత వెర్షన్లు దించుకోవాలంటే ఒరాకిల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. ఆఫీసు మెయిల్ ఇచ్చారంటే కంపెనీ పేరు మీరే రాసిచ్చినట్టు. టెన్షన్ ఎందుకు, వెర్షన్ అడిగే కమాండ్ (java -version) కొట్టి చూడండి. ఓపెన్‌జేడీకే అయితే ఆ పేరే కనబడుతుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్‌ను ప్యాకెట్లా కట్టి ఏ కంప్యూటర్లోనైనా నడిపించే డాకర్ డెస్క్‌టాప్ అందరికీ ఫ్రీ.

వాస్తవం: సొంతానికి వాడుకునేవాళ్లకు, చదువుకునేవాళ్లకు, వ్యాపారం కాని ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు, చిన్న కంపెనీలకు మాత్రమే. 250 మంది ఉద్యోగులో, ఏడాదికి కోటి డాలర్ల ఆదాయమో, ఏ ఒక్కటి దాటినా కట్టాల్సిందే.

అపోహ: గూగుల్ ఆండ్రాయిడ్‌ను ఊరికే పంచిపెట్టింది.

వాస్తవం: పునాది కోడ్ ఫ్రీయే. ప్లే స్టోర్‌కు మాత్రం ఫోన్ కంపెనీలతో వేరే ఒప్పందం ఉంటుంది. అది కావాలంటే గూగుల్ సెర్చ్, క్రోమ్ కూడా ఫోన్లో ముందే పెట్టాలని షరతు ఉండేది. మన దేశంలో దీనిమీదే 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. యూరప్‌లో 2018లో 434 కోట్ల యూరోల జరిమానా పడ్డాక, గూగుల్ అక్కడ సెర్చ్, క్రోమ్‌లను విడదీసి, ప్లే స్టోర్‌తో వచ్చే మిగతా యాప్‌ల కట్టకు ఫోన్ కంపెనీల దగ్గర లైసెన్సు ఫీజు తీసుకుంటామంది. అంతదాకా ఆ ఖరీదు చెల్లుతూ వచ్చింది సెర్చ్ ప్రకటనల నుంచే.