‘వయసైపోయింది, గింతే’ అనే మాటకు వందేళ్ల జవాబు

మా పెద్దమ్మకు 74 ఏళ్లు. జగిత్యాల దగ్గరి పల్లె. బీడీలు చుట్టి ఇద్దరు కొడుకులను పెంచింది, ఇద్దరూ ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్నారు. నిరుడు రెండు నెలల్లో మూడుసార్లు పడిపోతే హనుమకొండలోని మా ఇంటికి తీసుకొచ్చి, ఒక ఆస్పత్రిలో చూపించాం. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి ఏమీ విరగలేదన్నాడు. నరాల డాక్టర్ ఇంకో గోళీ రాశాడు. చివరికి ఒకాయన, ‘వయసైపోయింది పెద్దమ్మా, గింతే’ అన్నాడు. ఆమె కూడా తలూపింది. నాకు కోపం వచ్చింది అందుకే.

వృద్ధుల వైద్యం ఆ మాటను ఒప్పుకోకపోవడంతోనే మొదలైంది. వియన్నాలో పుట్టి న్యూయార్క్‌లో డాక్టరైన ఇగ్నాట్జ్ నాషర్ 1909లో దానికి ‘జెరియాట్రిక్స్’ అని పేరు పెట్టాడు. పిల్లలకు వేరే వైద్యం ఉన్నట్టే ముసలివాళ్లకూ ఉండాలన్నది ఆయన వాదం. పేరైతే పెట్టాడు గానీ, దాన్ని వార్డులో చేసి చూపించింది లండన్ డాక్టర్ మార్జరీ వారెన్. 1935లో పక్కనున్న పేదల ఆశ్రమం ఆమె ఆస్పత్రిలో కలిసింది. 700 మందికి పైగా రోగులు. చాలామంది ఏళ్ల తరబడి మంచం దిగనివాళ్లు. ఆమె ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, లేపి నడిపించింది. ఎంతోమంది ఇళ్లకు వెళ్లిపోయారు. వాళ్లను మంచానికి కట్టేసింది వయసొక్కటే కాదు, ఎవరూ సరిగ్గా చూడకపోవడం కూడా.

మన దేశంలో ఈ పని మద్రాసులో మొదలైంది. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చొరవతో 1978లో అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో వృద్ధులకు వేరే ఓపీ పెట్టారు. పదేళ్లకు వార్డు వచ్చింది, 1996లో మద్రాస్ మెడికల్ కాలేజీలో వృద్ధుల వైద్యంలో ఎండీ కోర్సు వచ్చింది. ఓపీ నుంచి కోర్సు దాకా 18 ఏళ్లు! ఆ తర్వాత 1999లో వృద్ధుల కోసం జాతీయ విధానం, 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చాయి. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆస్పత్రిలో పది పడకల వార్డు, పీహెచ్‌సీలో వారానికోసారి ప్రత్యేక క్లినిక్ ఉండాలంది.

ఇక మన దగ్గర. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఉంది. రాష్ట్రం వచ్చాక కాళోజీ పేరుతో ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే వెలిసింది. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, మరుసటి ఏడాది భూపాలపల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కాలేజీలు వచ్చాయి. ఉత్తర తెలంగాణకు కాలేజీల కరువు తీరిందనే చెప్పాలి. ముసలివాళ్ల విషయంలో మాత్రం ఇక్కడ మాట ఎప్పుడూ పింఛను దగ్గరే ఆగుతుంది. 200 రూపాయల పింఛను 2014లో ఆసరాతో వెయ్యి అయింది, 2019లో 2,016 అయింది. దానిమీద ఓట్లు పడ్డాయి. పీహెచ్‌సీలో వృద్ధుల క్లినిక్ ఏ రోజు నడుస్తుందని మాత్రం ఏ సభలోనూ ఎవరూ అడగగా నేను వినలేదు.

పిల్లలు దుబాయ్‌లోనో భివండీలోనో ఉన్న ఊళ్లలో ముసలివాళ్లకు తోడు వచ్చేవాళ్లే ఉండరు. అలాంటప్పుడు ఒక్కో నొప్పికి ఒక్కో ఓపీ చీటీ అంటే ఎలా? జెరియాట్రిక్స్ చదివిన డాక్టర్ పడిపోవడం, మతిమరుపు, మూత్రం ఆగకపోవడం, చూపు, వినికిడి, దిగులు, తిండి అన్నీ ఒకేచోట అడుగుతాడు. అన్నిటికన్నా ముందు గోళీల సంచి బోర్లించమంటాడు.

పెద్దమ్మ విషయంలో జరిగింది అదే. తర్వాత చూపించిన ఒక కుర్ర డాక్టర్ సంచి మొత్తం టేబుల్ మీద పోయించాడు. పదకొండు రకాలు. బీపీ గోళీ రెండు చోట్ల రాశారు. పేర్లు వేరు, మందు ఒకటే! లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. ఒకటి ఆపేశాక ఆమె మళ్లీ పడలేదు.

2019లో మారిన ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళికలో జనరల్ మెడిసిన్ కింద వృద్ధుల వైద్యానికి విడిగా చోటిచ్చారు. ఆ ఏడు చేరిన బ్యాచ్ వాళ్లు హౌస్ సర్జన్సీ ముగించి ఇప్పుడు ఓపీల్లో కూర్చుంటున్నారు.