టార్చిలైటు తెచ్చుకుని రండి

చిరంజీవులైన మనవలకీ మనవరాళ్ళకీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. కాలవలకి నీళ్ళొచ్చాయి, ఊడ్పులు సగానికి పైగా అయ్యాయి.

మొన్న ఫోనులో చిన్నాడు "మామ్మని ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళావు తాతయ్యా, జ్వరమా?" అని అడిగాడు. జ్వరం లేదు, నొప్పీ లేదు. ఒంట్లో ఏ బాధా లేనప్పుడే, కేన్సర్ ఉందేమో చూపించుకోవడానికి వెళ్ళాం. ఎందుకో ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మ, అంటే మీ నాన్నకి మామ్మ, అడ్డపొగ తాగేది. అదేంటో మీరు చూసుండరు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. చేలో నాట్లు వేసేటప్పుడు వానకి నిప్పు ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆ చుట్ట కూడా మనదే. వరద తీసిన తర్వాత లంకల్లో మిగిలే ఒండ్రులో పండిన పొగాకు. మా ఇంటికి అన్నం పెట్టింది అదే, నన్ను చదివించిందీ అదే. అందుకే దాన్ని ఒక మాట అనడానికి నాకు చాలా ఏళ్ళు నోరు రాలేదు.

ఒకరోజు రాత్రి చారన్నం తింటూ అమ్మ చెయ్యి ఆపేసింది. నోరు మంటగా ఉందంది. లాంతరు దగ్గరగా పెట్టి చూశాను. అంగిలంతా గోధుమరంగు తిరిగి, దానిమీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. మధ్యలో బియ్యపుగింజంత పుండు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన పూతకి ఊదారంగు మందు ఇచ్చాడు. ఎనిమిది నెలలు ఆ మందే పూశాం. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళేసరికి పుండు ఎముకలోకి దిగిపోయింది. ఇంటికొచ్చాక చుట్టాలు ఆమెకి కంచం వేరు పెట్టారు, గ్లాసు వేరు పెట్టారు. కేన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఆ సంగతి అప్పుడు నాకూ తెలీదు, నేనూ అడ్డుచెప్పలేదు. ఆ కంచం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఈ అడ్డపొగ మీద పరిశోధకులు 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. నిప్పు వేడీ, పొగా నేరుగా తగిలే అంగిలి ఎలా పాడవుతుందో అందులో ఉంది. అమ్మ నోట్లో నేను లాంతరు వెలుగులో చూసింది వాళ్ళు ముందే చూశారన్న మాట. మా ఊరికి ఆ కబురు రాలేదు.

కేరళలో తిరువనంతపురం దగ్గర ఇంకో పని చేశారు. 1996 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు చూశారు. పెద్ద యంత్రాలేం లేవు, వెలుతురు, చూడటం నేర్చిన కళ్ళు, అంతే. పొగాకో తాగుడో అలవాటున్నవాళ్ళలో నోటి కేన్సర్‌ చావులు దాదాపు మూడోవంతు తగ్గాయని 2005లో తేల్చారు. ఆ లెక్క చదివిన రోజు నేను అన్నం తినలేకపోయాను. ఎనిమిది నెలలు మా ఇంట్లోనూ వెలుతురు ఉంది కదా.

అందుకని మీరు నేర్చుకోవలసింది ముందు ఇది. అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరవండి. మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. వక్కా గుట్కా నమిలేవాళ్ళలో కొందరికి బుగ్గలోపల బిగుసుకుపోయి రెండు వేళ్ళు కూడా పట్టవు. బుగ్గలు, నాలిక పక్కలు, నాలిక కింద, అంగిలి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు కనిపిస్తే పూతమందులతో కాలం గడపొద్దు, డాక్టరుకి చూపించాలి. బడికి 100 గజాల లోపల పొగాకు సరుకు అమ్మకూడదని చట్టం ఉంది. అయినా బడ్డీకొట్లో పొట్లం వేలాడుతుంటే కొనొద్దు, స్నేహితుడు కొంటే ఊరుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు మానాలనుకుంటే 1800-112-356కి ఫోను చేయించండి, ఆ ఫోనుకి డబ్బులు పడవు. తాగుడు సంగతీ అంతే. చుట్టతో కలిస్తే రెండూ కూడి నోటికీ గొంతుకీ ముప్పు ఎన్నో రెట్లు పెంచుతాయి, లివరుని తాగుడు విడిగా పాడుచేస్తుంది.

ఇక మీ మామ్మ సంగతి. ముప్పై దాటిన వాళ్ళకి నోరు, ఆడవాళ్ళకి రొమ్ము, గర్భసంచి ముఖం పరీక్ష సర్కారు ఆస్పత్రుల్లో చేస్తారు. ఆశా కార్యకర్త మూడుసార్లు మా ఇంటికొచ్చింది. మామ్మ మూడుసార్లూ "నాకేం లేదమ్మా" అని కాఫీ ఇచ్చి పంపేసింది. సిగ్గు, భయం, "ఈ వయసులో ఇదేంటి" అనే మాట. వెనిగరు లాంటి పలుచటి ద్రావణం దూదితో రాసి, నిమిషం ఆగి చూస్తారు, తెల్లబడిన చోటు ఉంటే ఇంకా పరీక్షిస్తారు, అంతకంటే ఏం లేదని ఆ అమ్మాయి కూర్చుని చెప్పాక ఒప్పుకుంది. ఏమీ లేదన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మామ్మ నా చెయ్యి పట్టుకునే కూచుంది.

వరద రోజుల్లో ఏటిగట్టు మీద రాత్రంతా మనుషులు తిరుగుతారని మీకు చెప్పాను కదా. 1986 ఆగస్టులో నేనూ తిరిగాను. గట్టు అవతలవైపు చిన్న ఊట కనిపిస్తే అప్పుడే ఇసుక బస్తాలు వేసేవాళ్ళం. గండి పడేదాకా ఎవరూ ఆగరు.

పెద్దమ్మాయీ, నీకు పన్నెండేళ్ళు. గర్భసంచి ముఖం కేన్సర్‌కి చాలావరకు హెచ్‌పీవీ అనే వైరస్ మూలం. దానికి టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయించుకుంటే మంచిది. మీ అమ్మతో మాట్లాడాను. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

తిండి విషయంలో మీ అందరికీ తెలిసినదే, ఆకుకూరలు, పళ్ళు, నడక, సైకిలు, ఒళ్ళు పెరగనివ్వకపోవడం. ఒక్కటి మాత్రం మన కోనసీమ వాళ్ళకి గట్టిగా చెప్పాలి. సరిగా ఎండక బూజుపట్టిన కురిడీ, అంటే ఎండుకొబ్బరి, ముక్కిన వేరుశనగపప్పు "కడిగితే పోతుంది" అని వాడొద్దు. ఆ బూజు విషం లివరుకి కేన్సర్ తెచ్చేది, వేయించినా పూర్తిగా పోదు. పారేయండి, మామ్మ కేకలేస్తే నా పేరు చెప్పండి.

దసరాకి వస్తారు కదా, అప్పుడు ముందు నా నోరు మీరే చూడాలి. నేనూ పాతికేళ్ళు చుట్ట తాగినవాణ్ణే. మానేసి చాలాకాలమైంది గానీ లెక్క పోలేదు. ఇంట్లో టార్చిలైటులో బ్యాటరీలు అయిపోయాయి, కొత్తవి తెచ్చుకుని రండి.

మీ తాతయ్య