ఫాస్ఫరస్ చూపే దారి: తరంగిరే నుంచి సెరెంగెటి దాకా

టాంజానియాలోని అరూషాలో బండెక్కితే తరంగిరే, మన్యారా, గోరోంగోరో, సెరెంగెటి అనే వన్యమృగాల నెలవులు దాదాపు ఒకే దారిలో వస్తాయి. పక్కపక్కనే కదా అని చాలామంది నాలుగింటినీ ఒకే ట్రిప్పులో కలిపేస్తారు. కానీ తరంగిరే కళకళలాడే ఆగస్టులో దక్షిణ సెరెంగెటి బోసిపోతుంది. ఫిబ్రవరిలో సెరెంగెటి నిండుతుంది, తరంగిరే పలచబడుతుంది.

"జంతువులు మేత కోసం, నీళ్ల కోసం వలస పోతాయి" అని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. సెరెంగెటి ఉత్తరాన మారా నది ఏడాదంతా పారుతుంది, వానా అక్కడే ఎక్కువ. దక్షిణాన తూర్పు గాలుల్ని గోరోంగోరో కొండలు అడ్డుకుంటాయి, ఏడాదికి 500 మి.మీ. పడితే గొప్ప. మరి లక్షలాది వైల్డ్‌బీస్ట్‌లు (ఎద్దును పోలిన పెద్ద జింకలు) డిసెంబరుకల్లా అక్కడికెందుకు దిగుతాయి?

జవాబు మట్టిలో ఉంది. కెరిమాసి, ఓల్ దొయిన్యో లెంగాయ్ అగ్నిపర్వతాలు వేల ఏళ్లుగా చల్లిన బూడిద అది. అందులో సున్నం మెండు. వాన దాన్ని కరిగించి కిందికి దింపుతుంది, ఎండ నీటిని లాగేస్తుంది, మీటరు లోతులోపే గచ్చులాంటి పొర మిగులుతుంది. చెట్ల వేళ్లు దాన్ని దాటలేవు. అందుకే కనుచూపు మేర చెట్టుండదు, జానెడు గడ్డే. కాడ తక్కువ, ఆకు ఎక్కువ. కాల్షియం, ఫాస్ఫరస్ ఉత్తరాది పొడుగు గడ్డిలో కన్నా ఇందులోనే ఎక్కువ.

ఆ ఫాస్ఫరస్ విలువ మన పాడి రైతుకు బాగా తెలుసు. ఈనిన గేదెకు అది చాలకపోతే రక్తకణాలు చిట్లి మూత్రం ఎర్రగా, ఒక్కోసారి కాఫీ రంగులో వస్తుంది. పశువు ఎముకలు నమలడమూ ఈ లోపం వల్లే. అందుకే దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలుపుతాం. వైల్డ్‌బీస్ట్‌కు కలిపి పెట్టేవాళ్లు లేరు గనక మిశ్రమం ఉన్న చోటికి అదే నడుస్తుంది. ఫిబ్రవరిలో రెండు మూడు వారాల్లోనే చాలా దూడలు పుడతాయి. పుట్టిన పది నిమిషాల్లోపే దూడ వణికే కాళ్ల మీద లేచి నిలబడుతుంది, చూసి తీరాలి! మే వచ్చేసరికి ఆ పలచటి మట్టి ఎండిపోతుంది, మిగిలిన గుంటల నీళ్లు ఉప్పెక్కుతాయి. మంద కదులుతుంది.

తరంగిరేలోనూ ఇదే లెక్క. వానాకాలంలో జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు పార్కు దాటి తూర్పున సిమంజిరో మైదానాలకు పోతాయి, అక్కడి గడ్డిలోనూ ఫాస్ఫరస్ ఎక్కువే. ఎండలు ముదిరాక నీటి కోసం తరంగిరే నదికి తిరిగొస్తాయి. గోరోంగోరో అగ్నిపర్వత బిలంలో మాత్రం ఊటలు ఎండవు, చాలా జంతువులు అక్కడే ఉండిపోతాయి. ఏ నెలైనా చూడవచ్చు.

కాబట్టి ఫిబ్రవరిలో బస ఆ దక్షిణ మైదానాల్లోని ఎన్‌డుటులో పెట్టుకోండి. చాలామంది అది సెరెంగెటి పార్కులో ఉందనుకుంటారు, నిజానికి గోరోంగోరో సంరక్షణ ప్రాంతంలో ఉంది. రెండింటి ప్రవేశ రుసుములూ వేరు. రోజూ గీత దాటి తిరిగితే రెండూ కట్టాలి.

ఆగస్టులో అయితే తరంగిరేకు రెండు రోజులిచ్చి, ఆపైన ఉత్తర సెరెంగెటిలోని కొగాటెండేకు వెళ్లండి. అక్కడి మంద మారా దాటి నేరుగా కెన్యాలోకి పోతుంది. పర్యాటకుల బండికి ఆ దారి లేదు, సిరారి–ఇసెబానియా సరిహద్దు చుట్టి రావాలి. పగలంతా ఆ ప్రయాణానికే పోతుంది. కెన్యాలో అడుగు పెడితే మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. లేకుండా హైదరాబాద్‌లో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.