గిట్ట కింద ఎన్ని కిలోలు?

టెర్రా నోవా ఓడ మీద 1910లో హెర్బర్ట్ పాంటింగ్ తీసిన ఫొటో ఒకటుంది. గుర్రాల బాధ్యత చూసే కెప్టెన్ లారెన్స్ ఓట్స్, చుట్టూ పొట్టి గుర్రాలు. బ్రిటిష్ నావికాధికారి స్కాట్ దక్షిణ ధ్రువ యాత్ర కోసం మంచూరియా నుంచి తెప్పించినవి అవి, మొత్తం 19. ఓడ ముందు భాగంలో కప్పు కింద 15 ఉండేవి. ఒక వరసలో ఏడు, ఎదురు వరసలో ఎనిమిది, తలలు ఎదురెదురుగా, మధ్యలో గుర్రాలను చూసుకునే మనిషి. మిగతా నాలుగూ పై డెక్కు మీద. చూసేవాళ్ల చూపు ఓట్స్ ముఖం మీదకో గుర్రాల కళ్ల మీదకో పోతుంది. కానీ ఆ యాత్రలో ఏం జరిగిందో అర్థం కావాలంటే చూడాల్సింది కాళ్లు, ముఖ్యంగా గిట్టలు.

గుర్రం నిలబడే కునుకు తీస్తుందని అందరికీ తెలుసు. వెనక కాలి మోకాటి చిప్ప తొడ ఎముక గట్టుకు తగులుకుంటే కాలు బిగుసుకుపోతుంది. కండరాలు పెద్దగా పనిచేయకుండానే బరువు నిలుస్తుంది. అయితే ఇది కదలని నేల మీద మాట. ఓడ ఊగుతుంటే ఆ బిగింపు క్షణక్షణం వదిలి మళ్లీ పట్టుకోవాలి. ఆ కొట్లలో పడుకోడానికి చోటు లేదు, కాబట్టి కండరాలకు పగలూ రాత్రీ పనే. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక జీర్ణాశయంలోకి తెరుచుకునే చోట ఉండే కండరం అంత గట్టిగా మూసుకుని ఉంటుంది. కడుపులో తిప్పినా బయటపడే దారి లేదు. 1910 డిసెంబరు మొదట్లో వచ్చిన తుపానులో రెండు గుర్రాలు చనిపోయాయి. 17 ఒడ్డు చేరాయి.

ఇక్కడ రంగు సంగతి చెప్పాలి. అంతకుముందు అంటార్కిటికాకే వెళ్లిన షాకిల్‌టన్ యాత్రలో ముదురు రంగు గుర్రాలు ముందు చనిపోయాయి, లేత రంగువి ఎక్కువ కాలం బతికాయి. అందుకని స్కాట్ లేత రంగువే కొనమన్నాడు. ఒడ్డుకు దిగిన ఎనిమిది గుర్రాలను చూసి చేసిన తీర్మానమిది! పైగా అక్కడ నాలుగు చనిపోవడంలో ప్రధాన కారణం రంగు కాదు, కట్టేసిన చోటి ఉప్పు తగిలిన అగ్నిపర్వతపు ఇసుకను నాకి తినడం. సంతలో సుడులు చూసి ఎద్దును కొనే అలవాటుకూ దీనికీ తేడా లేదు. రంగుతో వడకడితే మిగిలేవి తక్కువ, అందులో ముసలివీ కుంటివీ వచ్చిపడ్డాయి. వాటిని చూసి ఓట్స్ తల పట్టుకున్నాడు. బడిలో ‘రెండూ కలిసి జరిగితే ఒకటి రెండోదానికి కారణమా?’ అని అడిగే రోజున పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పాలి.

ఇప్పుడు గిట్ట. సుమారు లెక్క వేద్దాం. పొట్టి గుర్రం బరువు 300 కిలోలు, గిట్ట అడ్డకొలత 11 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో గిట్ట వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు, నాలుగూ కలిపి 380. నిలబడితే చదరపు సెంటీమీటరుకు 0.8 కిలో. నడకలో రెండు కాళ్లే నేల మీద ఉన్న క్షణంలో 1.6. అదే 35 కిలోల కుక్క, పాదానికి 35 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 0.25. 80 కిలోల మనిషి 2.4 మీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న స్కీల మీద నిలబడితే 0.02. అంటే నిలబడిన గుర్రం మంచును స్కీ మనిషికన్నా 40 రెట్లు గట్టిగా నొక్కుతుంది. దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనప చక్రాలు ఎందుకు తగిలిస్తారో తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

కూరుకుపోవడం ఒక్కటే నష్టం కాదు. ప్రతి అడుగుకూ ఒంటిని 10 సెంటీమీటర్లు పైకి లేపుకోవాలంటే 300 జౌళ్లు కావాలి. కిలోమీటరుకు 1,300 అడుగులు, కండరం సామర్థ్యం నాలుగో వంతు. లెక్క కడితే కిలోమీటరుకు 370 కిలోకేలరీలు, అంటే 120 గ్రాముల ఓట్ ధాన్యపు దాణా. 15 కిలోమీటర్లకు రెండు కిలోలకు కాస్త తక్కువ. ఇది గుంటలోంచి లేవడానికే, బండి లాగడానికి వేరే. ఆ దాణా కూడా బండి మీదే మోయాలి. అంటార్కిటికాలో గడ్డి మొలవదు. కుక్కకైతే సీల్ మాంసం అక్కడే దొరుకుతుంది.

దీనికి మందు మంచు చెప్పులు. నార్వేలో గుర్రాలకు తొడిగేవి, గిట్టకు కట్టే గుండ్రటి తట్టలు. అడ్డకొలత 25 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం ఐదు రెట్లు, ఒత్తిడి 0.15. తొడగడం చులకన కాదు. కట్లు బిగిస్తే చర్మం ఒరుసుకుపోతుంది, వదిలితే ఊడిపోతాయి. కాళ్లు ఎడం చేసి నడవడం గుర్రానికి నేర్పాలి, లేకుంటే ఒక చెప్పు మీద ఇంకో చెప్పు వేసి తూలుతుంది. 1911 మొదట్లో ముందుదారిలో తిండి నిల్వలు పెట్టేందుకు బయల్దేరిన ఎనిమిది గుర్రాలకు వెంట ఉన్నవి ఒక్కదానికి చాలేవే. వీరీ విల్లీ అనే మందకొడి గుర్రానికి తొడిగితే అదరగొట్టింది. మిగతా చెప్పులు కేప్ ఎవాన్స్ స్థావరంలోనే ఉండిపోయాయి. తెద్దామని వెనక్కి వెళ్లినవాళ్లకు దారిలోని సముద్రపు మంచు విరిగిపోయి కనిపించింది.

గుర్రానికి ఒళ్లంతా చెమట పడుతుంది. ఆగగానే అది గడ్డకడుతుంది, తడిసిన బొచ్చు గాలిని పట్టి ఉంచలేదు. పైగా 24 గంటల వెలుగులో ఒళ్లు వేసవి అనుకుని బొచ్చు పలచబరుస్తుంది. అందుకే మజిలీ మజిలీకీ గాలి వచ్చే వైపు మంచు గోడ కట్టారు. రాత్రివేళ సూర్యుడు కిందికి వాలితే మంచు పైపొర గట్టిపడుతుంది కాబట్టి అప్పుడే నడిపించారు. అయినా 80 డిగ్రీల అక్షాంశం దగ్గర పెట్టాలనుకున్న తిండి నిల్వను, వన్ టన్ డిపోను, ఫిబ్రవరి 17న 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గరే పెట్టేయాల్సి వచ్చింది, 57 కిలోమీటర్లు ముందే. అదే ఏడాది ధ్రువానికి పోటీపడిన నార్వే యాత్రికుడు అముండ్‌సెన్ కుక్కలు 82 డిగ్రీల దాకా నిల్వలు చేర్చాయి. ఆ ఎనిమిది గుర్రాల్లో ప్రాణాలతో మిగిలినవి రెండు.

1912 మార్చిలో, ధ్రువం నుంచి తిరిగివస్తూ చనిపోయిన స్కాట్ బృందం చివరి గుడారం వేసిన చోటు ఆ వన్ టన్ డిపోకు దక్షిణాన దాదాపు 20 కిలోమీటర్లు. వాళ్లను వెతకడానికి వెళ్లినవి మన దేశం నుంచి పంపిన ఏడు కంచరగాడిదలు: లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణి, అబ్దుల్లా, ప్యారీ, ఖాన్ సాహిబ్. కంచరగాడిద గిట్ట గుర్రం గిట్టకన్నా సన్నం, అంటే నేల మీద ఒత్తిడి తగ్గే అవకాశం లేదు. కానీ వీటికి ముందే తర్ఫీదు ఇచ్చారు, కళ్లకు మంచు అద్దాలు కూడా ఇచ్చి పంపారు. తమ దాణా ముట్టకుండా టీ ఆకులు, తాళ్లు నమిలేవి. 1912 అక్టోబరు చివర్లో బయల్దేరిన ఆ బృందం నవంబరు 12న ఆ గుడారం చేరింది.