లెవీ స్ట్రాస్ పెళ్లిళ్లు: అపోహలు - వాస్తవాలు

ఆంత్రోపాలజీలో (మానవశాస్త్రంలో) బంధుత్వం పాఠం చెప్పేటప్పుడు క్లాడ్ లెవీ స్ట్రాస్ (1908-2009) పేరు ఎత్తకుండా గడవదు. మేనరికం లాంటి పెళ్లిళ్ల వెనకున్న లెక్కను విడమర్చిన ఫ్రెంచ్ మేధావి కాబట్టి మన తెలుగు పిల్లలు ఆ పాఠాన్ని ఇష్టంగా వింటారు. వెంటనే ఆయన సొంత సంసారం గురించీ అడుగుతారు. ఆయన మూడు పెళ్లిళ్లు చేసుకున్నాడు. వాటి గురించి నోట్సుల్లో ఒకరిని చూసి ఒకరు రాసుకునే మాటల్లో చాలా తప్పులున్నాయి. అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది మొదటి భార్య దీనా డ్రేఫస్‌కి.

అపోహ: బ్రెజిల్‌లో ఫీల్డ్‌వర్క్ (తెగల మధ్యకు వెళ్లి చూసి రాసుకునే పని) అంతా ఆయన ఒక్కడే చేశాడు. భార్య తోడుగా వెళ్లిందంతే.

వాస్తవం: వాళ్ల పెళ్లి 1932లో జరిగింది. ఇద్దరూ ఫిలాసఫీ చదువుకున్నవాళ్లే. 1935లో ఆయన కొత్తగా పెట్టిన సావో పాలో యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పడానికి వెళితే, ఆవిడ అదే ఊళ్లో నగర సాంస్కృతిక శాఖ తరఫున ఎథ్నోగ్రఫీ (జనజీవితాన్ని దగ్గరగా చూసి వర్ణించే శాస్త్రం) కోర్సు నడిపింది. ఆ శాఖ డైరెక్టర్ మారియో జి ఆంద్రాజీ, బ్రెజిల్‌లో పేరున్న కవి. ఆయనతో కలిసి అక్కడ ఎథ్నోగ్రఫీ, జానపద అధ్యయన సంఘాన్ని నిలబెట్టింది కూడా దీనాయే. ఫీల్డ్‌కి వెళ్లేవాళ్లు ఏం చూడాలి, ఎలా రాసుకోవాలి అని చెప్పే కరదీపికను 1936లో పోర్చుగీసులో అచ్చు వేయించింది. ఫీల్డ్‌వర్క్ నేర్పేవాళ్లుగా మనం ఆవిడను మొదట ఇందుకే గుర్తుపెట్టుకోవాలి.

1935-36లో కదువేవు, బొరోరో తెగల దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. సినిమా కెమెరాతో అక్కడి జీవితాన్ని తీశారు, వస్తువులు సేకరించారు. 1937లో ఆ వస్తువులతో పారిస్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు కేటలాగ్ మీద 'క్లాడ్, దీనా లెవీ స్ట్రాస్ మిషన్' అని ఇద్దరి పేర్లూ వేశారు. తర్వాతి రోజుల్లో ఎక్కడ చూసినా ఒక్క పేరే మిగిలింది.

1938లో బ్రెజిల్‌లోనే నంబిక్వారా తెగ ఉండే ప్రాంతానికి వెళ్లిన జట్టులో ఈ ఇద్దరితో పాటు డాక్టర్ జాఁ వెలార్, బ్రెజిల్ నేషనల్ మ్యూజియం నుంచి లూయిస్ ది కాస్త్రో ఫరియా ఉన్నారు. అక్కడ చీము పట్టే కంటి జబ్బు ప్రబలి దీనాకు బాగా ముదిరింది. ఆవిడను వెనక్కి పంపించేయాల్సి వచ్చింది. 1955లో వచ్చిన తన 'త్రిస్త్ ట్రోపిక్' పుస్తకంలో ఈ సంగతి చెబుతూ, అప్పటిదాకా జరిగిన యాత్రలన్నిటిలోనూ తన భార్య పాల్గొందనీ, భౌతిక సంస్కృతి, పనిముట్ల అధ్యయనం ఆవిడ చూసుకునేదనీ ఆయనే రాశాడు. అంత లావు పుస్తకంలో ఆవిడ గురించి చెప్పింది దాదాపు అంతే. అక్కడ కూడా పేరు లేదు, 'నా భార్య' అని మాత్రమే ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఎంత అభిమానంతో చదివినా నాకు ఈ ఒక్క చోట మనసు ఒప్పదు.

అపోహ: విడిపోయాక దీనా కనుమరుగైపోయింది.

వాస్తవం: 1939లో విడిపోయారు, 1945లో విడాకులయ్యాయి. యుద్ధకాలంలో ఆయన 1941లో ఓడెక్కి అమెరికా చేరితే, ఆవిడ ఫ్రాన్స్‌లోనే ఉండి నాజీ వ్యతిరేక పోరాటంలో పనిచేసింది. తర్వాత ఫిలాసఫీ బోధించి, ఆ సబ్జెక్టుకు ఇన్‌స్పెక్టర్ స్థాయికి ఎదిగింది. 1960ల్లో స్కూల్ టీవీ కోసం తయారైన ఫిలాసఫీ కార్యక్రమాల రూపకల్పన ఆవిడదే. మిషెల్ ఫూకో, పాల్ రికర్ లాంటి ఫ్రెంచ్ తత్వవేత్తలు వాటిలో మాట్లాడారు. బ్రెజిల్ రోజుల్లో దీనా లెవీ స్ట్రాస్‌గా, తర్వాత దీనా డ్రేఫస్‌గా రాయడంతో ఇద్దరూ వేరువేరు మనుషులనుకునేవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఆడవాళ్లను ఇచ్చిపుచ్చుకునే సరుకులన్నాడు. మూడు పెళ్లిళ్లు చేసుకున్నవాడు ఇంకేం రాస్తాడు?

వాస్తవం: 1949లో వచ్చిన ఆయన బంధుత్వ గ్రంథం ఆస్ట్రేలియా నుంచి చైనా, ఇండియా దాకా పెళ్లి నియమాలను పోల్చి చూస్తుంది. తోబుట్టువులను చేసుకోకూడదనే నిషేధం వల్ల కుటుంబాలు ఒకదానితో ఒకటి వియ్యమందుకోక తప్పదని దాని వాదన. ఆ వియ్యాన్ని మగవాళ్ల మధ్య జరిగే స్త్రీల మార్పిడిగా చూపించాడన్న విమర్శ గట్టిదే, పిల్లల చేత పరీక్షలో తప్పక రాయించండి. కానీ స్త్రీ కూడా ఒక వ్యక్తేననీ, ఆమెను ఉత్త సంకేతంగా చూడలేమనీ పుస్తకం చివర్లో ఆయనే అంటాడు. అదే ఏడాది స్త్రీవాద రచయిత్రి సిమోన్ ది బోవా ఆ గ్రంథాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాసింది. ఇక ఆయన విడాకులతో ఈ సిద్ధాంతాన్ని ముడిపెట్టడానికి నాకు ఒక్క ఆధారం కూడా కనిపించలేదు.

అపోహ: రెండో పెళ్లి లెక్కలోది కాదు.

వాస్తవం: 1946లో రోజ్-మరీ ఉల్మోను చేసుకున్నాడు. ఆ మరుసటేడు కొడుకు లోరాఁ పుట్టాడు. 'త్రిస్త్ ట్రోపిక్' అంకితమిచ్చింది ఆ పిల్లవాడికే. 1954లో ఆ బంధం చట్టపరంగా ముగిసింది.

అపోహ: మూడో భార్య మోనిక్ ఇల్లు చూసుకుంటూ ఉండిపోయింది.

వాస్తవం: మోనిక్ రోమాఁతో పరిచయం మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ ద్వారా అయింది, పెళ్లి 1954లో. 1957లో మాథ్యూ పుట్టాడు. 2009లో ఆయన పోయేదాకా, అంటే 55 ఏళ్లు, కలిసే ఉన్నారు. ఆవిడ వస్త్ర చరిత్రలో నిపుణురాలు. కాశ్మీరు శాలువాలను చూసి 19వ శతాబ్దపు ఫ్రాన్స్ నేయించిన శాలువాల మీద పుస్తకాలు రాసింది. మన నేతవాళ్లు మామిడి పిందె అనే డిజైనే ఆ శాలువాల నిండా ఉంటుంది. కాశ్మీరులో చిన్న చిన్న పుల్లలకు రంగు ఉన్ని దారం చుట్టి, ఏ రంగు కావాల్సిన చోట ఆ పేకను (అడ్డపోగును) చేత్తో దూర్చి నేస్తారు. ఫ్రాన్స్‌లో జకార్డ్ మగ్గం మీద పేకను ఈ అంచు నుంచి ఆ అంచుకు పోనిచ్చి, వెనకవైపు వేలాడే పోగులను కత్తిరించేసేవారు. అందుకే శాలువా ఏ దేశానిదో తెలియాలంటే తిరగేసి వెనక్కి చూస్తారు.