‘మీకు వచ్చా?’ నుంచి ‘చేసి చూపండి’ దాకా

కాబోయే టీచర్లకు పరిశోధన పత్రం చదివి అర్థం చేసుకోవడం వచ్చో రాదో పరీక్ష పెట్టి తేల్చాలా, దాన్ని టీచర్ లైసెన్సుకు ముడిపెట్టాలా అన్న రగడ మళ్లీ మొదలైంది. డాక్టర్ల మాదిరే టీచర్లూ ఆధారాలు చూసి పనిచేయాలంటూ 1996లో బ్రిటన్‌లో విద్యావేత్త డేవిడ్ హార్‌గ్రీవ్స్ చేసిన ప్రసంగంతో ఈ కథ ఎత్తుకోవడం రివాజు. అది చాలామందికి తెలిసిందే. ఇప్పటి తగువుకు మూలం మాత్రం జర్మనీలో ఉంది.

2001 చివర్లో వెలువడిన తొలి పీసా (పదిహేనేళ్ల విద్యార్థుల నైపుణ్యాలను దేశాలవారీగా పోల్చే పరీక్ష) ఫలితాలు ఆ దేశాన్ని కుదిపేశాయి. విద్యా పరిశోధన ఫలితాలను చదివి బేరీజు వేయగలగాలన్న మాట 2004లో టీచర్ శిక్షణ ప్రమాణాల్లోకి ఎక్కింది. రాశారు సరే, కొలిచేదెలా? ప్రశ్నావళి చేతికిచ్చి ‘మీకు గణాంకాలు ఎంతవరకు అర్థమవుతాయి’ అని వాళ్లనే అడగడం తేలికైన దారి. 2011లో మొదలైన జర్మనీ కేంద్ర ప్రభుత్వ పథకం కింద అక్కడి ఫ్రైబుర్గ్ నగర పరిశోధకులు మరో దారి పట్టారు. సమాచారం వెతకడం, గణాంకాలు చదవడం, ఆధారాల నుంచి సబబైన నిర్ధారణకు రావడం... ఈ మూడింటికీ ప్రశ్నలు తయారుచేశారు.

ఇలాంటి ప్రశ్న ఒకటి ఊహించండి. హోంవర్క్ ఎక్కువ ఇచ్చే తరగతుల్లో సగటు మార్కులు ఎక్కువని పట్టిక చూపుతోంది. కాబట్టి హోంవర్క్ పెంచితే మార్కులు పెరుగుతాయా? ‘అవును’ అని టిక్కు పెట్టే అభ్యర్థికి సగటు లెక్కగట్టడం వచ్చే ఉంటుంది. చురుకైన తరగతులకే టీచర్లు ఎక్కువ పని ఇస్తున్నారేమో అన్న అనుమానం మాత్రం రాలేదు.

చదివే ఆసక్తి ఉంటే చాలదా అంటారు. 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ టీచర్లను అడిగితే, విద్యార్థుల్లో ఎవరికి నచ్చిన శైలిలో (చూసి, విని, చేసి) వాళ్లకు బోధిస్తే బాగా నేర్చుకుంటారని 90 శాతానికి పైగా నమ్మారు. దానికి తగిన ఆధారం లేదని 2008లోనే ఒక సమీక్ష తేల్చింది. చిత్రమేమిటంటే, మెదడు గురించి సాధారణ పరిజ్ఞానం ఎక్కువున్నవాళ్లే ఇలాంటి అపోహలనూ ఎక్కువగా నమ్మారు. సొంత అంచనా ఫారం ఇస్తే వీళ్లు తమకు తాము తక్కువ మార్కులు వేసుకుంటారా?

ఏది పనిచేసిందో పరిశోధన చెబుతుంది గానీ, రేపు ఏది పనిచేస్తుందో చెప్పదని విద్యా తత్వవేత్త గెర్ట్ బీస్టా 2007లో వాదించారు. నిజమే. అయినా చదవడం రాకపోయినా ఫర్వాలేదని దానర్థం కాదు.

చదివినదాన్ని తరగతిలో వాడటం సంగతి వేరు. చాలా పరీక్షలు ఆధారాలను తూకం వేయడం దగ్గరే ఆగుతాయి. తరగతి సన్నివేశం ఇచ్చి ‘మీరైతే ఏం చేస్తారు’ అని రాయిస్తే, ఒకే జవాబుకు ఇద్దరు దిద్దితే వేర్వేరు మార్కులు పడొచ్చు. పైగా ఫ్రైబుర్గ్ పరీక్ష పరిశోధన కోసం కట్టింది, ఒక్కొక్కరిని గట్టెక్కించడానికో ఆపడానికో కాదు. లైసెన్సుకు ముడిపెట్టాలంటున్నవాళ్లు పాస్ మార్కు ఎక్కడ, ఏ ఆధారంతో పెడతారో ముందు చెప్పాలి.